హెడ్‌ఫోన్ శ్రవణానికి డిజిటల్–అనలాగ్ పరివర్తకాలు: తులనాత్మక పరిశీలన

హిందూపురం నుంచి గౌరీబిదనూరు, దొడ్డబళ్ళాపురం మీదుగా బెంగళూరుకు పోయే రైలు మార్గంలో, నగరం ఇంకా దూరమనగానే వచ్చే కూడలి యలహంక. సరిహద్దు గ్రామాల నుంచి చదువుకో, ఉద్యోగానికో బయలుదేరిన యువతీయువకులు అనేకులు ఇక్కడి అద్దె గదులలో, వసతి గృహాలలో నివసిస్తుంటారు. వైమానిక దళ స్థావరం, 1984లో ప్రారంభమైన రైలు చక్రాల కర్మాగారం, విమానాశ్రయ రహదారిపై ఎడతెగని వాహనాలు ఉన్న ఈ ప్రాంతంలో నిశ్శబ్దం అరుదు. ఒకే గదిలో ఇద్దరు ముగ్గురు కలసి ఉండేచోట పాట వినదలచినవారికి, పాఠం వినదలచినవారికి హెడ్‌ఫోనే శరణ్యం.

ఈ నేపథ్యంలోనే ‘డాక్’ అనే మాట ఇళ్ళలో వినబడసాగింది. ఫోనుకూ హెడ్‌ఫోనుకూ నడుమ అమర్చే ఈ చిన్న పరికరం ఉంటేనే సంగీతం సంగీతంలా వినిపిస్తుందని పిల్లలు చెప్పడం, దాని వెల విని పెద్దలు విస్తుపోవడం సామాన్యమైంది. కొన్ని వందల రూపాయల నుంచి లక్ష రూపాయల పైబడి వరకు ఇవి విక్రయింపబడుతున్నాయి. డబ్బు ఇవ్వవలసిన తల్లిదండ్రులకూ, అడిగే పిల్లలకూ ఒక నిర్ణయానికి రావడానికి కావలసిన వివరాలు ఈ వ్యాసంలో పొందుపరచబడ్డాయి.

పరివర్తకం చేసే పని

ఫోనులోనూ, కంప్యూటరులోనూ పాట అంకెల రూపంలో నిక్షిప్తమై ఉంటుంది. చెవికి చేరవలసింది గాలిలోని ప్రకంపన. హెడ్‌ఫోనులోని పొరను కదిలించడానికి ఎగుడుదిగుడుగా ప్రవహించే విద్యుత్తు కావాలి. అంకెలను ఆ విద్యుత్తుగా మార్చే సాధనమే డిజిటల్–అనలాగ్ పరివర్తకం. దానినే క్లుప్తంగా డాక్ అంటారు.

1982లో మార్కెట్టులోకి వచ్చిన కాంపాక్ట్ డిస్క్ ఇందుకు ప్రమాణాన్ని నిర్ణయించింది. ధ్వని తరంగపు ఎత్తును సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతను 16 బిట్ల సంఖ్యగా భద్రపరచడం ఆ పద్ధతి. 16 బిట్లతో 65,536 మెట్లు ఏర్పడతాయి. అతి పెద్ద ధ్వనికీ, అడుగున మిగిలే రొదకూ మధ్య సుమారు 96 డెసిబెళ్ళ అంతరం లభిస్తుంది. సెకనుకు 44,100 కొలతలతో 22,050 హెర్ట్జ్ వరకు గల స్వరాలను తిరిగి నిర్మించవచ్చు. మనిషి చెవి వినగల గరిష్ఠ పరిమితి సుమారు 20,000 హెర్ట్జ్. వయసు పెరిగేకొద్దీ అదీ తగ్గుతుంది. ఆ తరువాతి కాలంలో వచ్చిన 24 బిట్లు, 96,000 లేదా 1,92,000 కొలతల ప్రమాణాలు రికార్డింగు గదులలో సవరణలకు ఎంతో ఉపకరిస్తాయి. వినేవారికి వాటివల్ల కలిగే అదనపు ప్రయోజనం స్వల్పం.

డాక్ లేని ఫోను లేదు

హెడ్‌ఫోను రంధ్రమున్న ప్రతి ఫోనులోనూ, ప్రతి ల్యాప్‌టాపులోనూ డాక్ ఇప్పటికే ఉంది. లేనట్లయితే దాని నుంచి శబ్దమే రాదు. కనుక విడిగా డాక్ కొనడమంటే లేనిదాన్ని తెచ్చుకోవడం కాదు, ఉన్నదానికి బదులు మరొకటి వాడుకోవడం.

బ్లూటూత్ హెడ్‌ఫోన్ల విషయంలో డాక్ హెడ్‌ఫోనులోనే అమర్చబడి ఉంటుంది. ఫోను పంపేది అంకెలను మాత్రమే. అందువల్ల తీగలేని హెడ్‌ఫోను వాడేవారు ఫోనుకు ఎంత ఖరీదైన డాక్ తగిలించినా మార్పు ఉండదు. యలహంక వంటి రద్దీ ప్రాంతంలో బయటి రొదను తగ్గించే బ్లూటూత్ హెడ్‌ఫోన్లు వాడేవారు ఎక్కువ. వారికి ఈ వ్యయం పూర్తిగా నిరర్థకం.

అడాప్టర్లలో రెండు జాతులు

2016లో ఐఫోన్ 7 నుంచి హెడ్‌ఫోను రంధ్రం తొలగించబడింది. తరువాత అనేక ఆండ్రాయిడ్ ఫోన్లూ అదే బాట పట్టాయి. పాత తీగ హెడ్‌ఫోన్లు వాడదలచినవారికి టైప్–సి అడాప్టరు అవసరమైంది. బయటికి ఒకేలా కనిపించే ఈ అడాప్టర్లలో రెండు జాతులున్నాయి.

మొదటి జాతి అడాప్టరులో డాక్ ఉండదు, తీగలు మాత్రమే ఉంటాయి. ఫోను తన లోపలి డాక్ నుంచి వచ్చే విద్యుత్తును టైప్–సి రంధ్రం గుండా బయటికి పంపగలిగినప్పుడే అది పనిచేస్తుంది. ఆ సౌకర్యం అన్ని ఫోన్లలో లేదు. రెండవ జాతి అడాప్టరులో చిన్న డాక్ చిప్పు ఉంటుంది. ఇది అత్యధిక ఫోన్లతోనూ, కంప్యూటర్లతోనూ పనిచేస్తుంది. దుకాణంలో కొన్న అడాప్టరు ఇంటికి వచ్చాక మూగబోవడానికి ప్రధాన కారణం ఈ భేదం తెలియకపోవడమే. కొనేటప్పుడు ‘లోపల డాక్ చిప్పు ఉన్నదేనా’ అని అడిగి, స్వంత ఫోనుకు తగిలించి విని తీసుకోవడం శ్రేయస్కరం. కొన్ని సంస్థల ఫోన్లలో సెట్టింగులలో ‘ఓటీజీ’ అనే మీటను ముందుగా తెరవవలసి ఉంటుంది. అది తెరవక, అడాప్టరు పాడైందనుకొని పారవేసేవారూ ఉన్నారు.

నాలుగు తరగతుల పోలిక

మొదటి తరగతి: ఫోను లేదా ల్యాప్‌టాపులో అంతర్గతంగా ఉన్న డాక్. అదనపు ఖర్చు లేదు. నేటి ఫోన్లలో ఇది చాలావరకు సంతృప్తికరమే. పాత ల్యాప్‌టాపులలో మాత్రం లోపలి ఇతర భాగాల నుంచి సన్నని గీర రొద వినిపించడం కద్దు.

రెండవ తరగతి: డాక్ చిప్పు గల చిన్న అడాప్టరు. ఆపిల్ సంస్థ టైప్–సి అడాప్టరు దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. వెయ్యి రూపాయల స్థాయిలో లభించే ఈ వస్తువు, స్వచ్ఛతను కొలిచిన పరీక్షలలో తనకంటే ఎన్నో రెట్లు ఖరీదైన పరికరాలకు దీటుగా నిలిచింది. దాని గరిష్ఠ ఉత్పాదన సుమారు 1 వోల్టు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం దీని ధ్వని మరీ తక్కువగా వస్తుంది.

మూడవ తరగతి: బొటనవేలంత ఉండి, అధిక శక్తినిచ్చే డాంగిల్. ఆడియోక్వెస్ట్ సంస్థ 2012లో తెచ్చిన డ్రాగన్‌ఫ్లై ఈ కోవకు ఆద్యులలో ఒకటి. 2016 నాటి దాని నమూనాలలో బ్లాక్ 1.2 వోల్టులు, రెడ్ 2.1 వోల్టులు ఇస్తాయి. చైనాకు చెందిన ఫియో మొదలైన సంస్థలు ఈ తరగతిలో తక్కువ ధరకే అనేక నమూనాలు తెచ్చాయి. ఇవి ఫోను బ్యాటరీ నుంచే శక్తిని తీసుకుంటాయి కనుక ఛార్జింగు త్వరగా తగ్గుతుంది. ఫోనుకున్న ఏకైక రంధ్రాన్ని ఇదే ఆక్రమిస్తుంది కనుక వింటూ ఛార్జింగు పెట్టడం సాధారణంగా వీలుపడదు. కరెంటు కోతలు ఉండే గ్రామంలో ఇది చిన్న లోపం కాదు.

నాలుగవ తరగతి: బల్లమీద ఉంచే డాక్. వీటిలో కొన్నింటికి హెడ్‌ఫోను రంధ్రమే ఉండదు. అవి దాదాపు 2 వోల్టుల సంకేతాన్ని యాంప్లిఫయరుకు అందించడానికి మాత్రమే ఉద్దేశింపబడినవి. హెడ్‌ఫోనుతో వినాలంటే యాంప్లిఫయరు వేరుగా కొనవలసి ఉంటుంది. డాక్, యాంప్లిఫయరు కలిసి ఉన్న పెట్టెలూ ఉన్నాయి. పెట్టె కొనేముందు ముఖభాగంలో హెడ్‌ఫోను రంధ్రం ఉన్నదో లేదో చూడడం కనీస జాగ్రత్త.

ఏ అంకెలను చూడాలి

ప్రకటనలలో కనిపించే 32 బిట్లు, 768 కిలోహెర్ట్జ్ వంటి సంఖ్యలు వినేవారికి ఉపకరించేవి కావు. చూడదగినవి మూడే.

మొదటిది సంకేతానికీ రొదకూ గల నిష్పత్తి. ఇది 100 డెసిబెళ్ళు దాటితే సాధారణ హెడ్‌ఫోన్లతో గృహశ్రవణానికి చాలును. ప్రశాంతమైన గదిలో సైతం 30 డెసిబెళ్ళ సహజ రొద ఉంటుంది. యలహంకలో రహదారి పక్క గదిలో అది మరింత అధికం. 110 డెసిబెళ్ళ డాక్‌కూ, 120 డెసిబెళ్ళ డాక్‌కూ గల భేదం ఆ రొద అడుగునే మునిగిపోతుంది.

రెండవది వోల్టేజి. దీనిని హెడ్‌ఫోను లక్షణాలతో కలిపి చూడాలి. హెడ్‌ఫోను విద్యుత్ నిరోధాన్ని ఓంలలోనూ, సున్నితత్వాన్ని ఒక మిల్లీవాట్టుకు ఇన్ని డెసిబెళ్ళని చెబుతారు. ఉదాహరణకు 32 ఓంలు, 100 డెసిబెళ్ళ హెడ్‌ఫోనులో సంగీతపు అత్యున్నత క్షణం 110 డెసిబెళ్ళకు చేరాలంటే 10 మిల్లీవాట్లు, అనగా సుమారు 0.57 వోల్టు అవసరం. 1 వోల్టు ఇచ్చే చిన్న అడాప్టరు దీనిని ఇవ్వగలదు. అదే 300 ఓంలు, 97 డెసిబెళ్ళ హెడ్‌ఫోనుకైతే 20 మిల్లీవాట్లు, అనగా సుమారు 2.45 వోల్టులు కావాలి. అక్కడ 1 వోల్టు అడాప్టరు చాలదు. సెన్‌హైజర్ హెచ్‌డి 600, హెచ్‌డి 650 వంటి 300 ఓంల హెడ్‌ఫోన్లు ఉన్నవారికే శక్తిమంతమైన పరికరపు అవసరం కలుగుతుంది. మార్కెట్టులో అమ్ముడయ్యే సాధారణ హెడ్‌ఫోన్లలో అధికభాగం 16 నుంచి 64 ఓంల లోపువే.

మూడవది పరికరపు స్వీయ నిరోధం. ఇది హెడ్‌ఫోను నిరోధంలో ఎనిమిదవ వంతును మించరాదన్నది వాడుకలో ఉన్న సూత్రం. 32 ఓంల హెడ్‌ఫోనుకు 4 ఓంలు, 16 ఓంల ఇయర్‌ఫోనుకు 2 ఓంలు హద్దు. ఈ హద్దు దాటితే కొన్ని ఇయర్‌ఫోన్లలో మంద్ర, తారస్వరాల సమతౌల్యం చెడుతుంది.

చిప్పు పేరు, బెంగళూరు బంధం

డాక్‌ల ప్రకటనలలో చిప్పు పేరుకు పెద్దపీట వేస్తారు. ఇ.ఎస్.ఎస్., సిరస్ లాజిక్, జపాను దేశపు ఎ.కె.ఎం., అమెరికాకు చెందిన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఈ రంగంలో ప్రముఖులు. వీటిలో చివరిదానికీ బెంగళూరుకూ దగ్గరి సంబంధముంది. ఆ సంస్థ 1985లోనే బెంగళూరులో పరిశోధన, రూపకల్పన కేంద్రాన్ని నెలకొల్పింది. శ్రవణ డాక్‌లకు పేరుపొందిన బర్–బ్రౌన్ సంస్థను 2000లో తనలో కలుపుకొన్నది. దాని పి.సి.ఎం. 5102 చిప్పు 112 డెసిబెళ్ళ స్థాయిని, సుమారు 2 వోల్టుల ఉత్పాదనను ఇస్తుంది. ఈ చిప్పు అమర్చిన చిన్న బోర్డులు కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. ఎలక్ట్రానిక్ విడిభాగాలకు పేరొందిన బెంగళూరు ఎస్.పి. రోడ్డు అంగళ్ళకు పోయే విద్యార్థులు ఇటువంటి బోర్డులతో స్వయంగా డాక్ నిర్మించుకొనవచ్చు. అయితే నేరుగా హెడ్‌ఫోన్లను నడిపే శక్తి దానికి లేదు. యాంప్లిఫయరు జోడించవలసిందే.

చిప్పు పేరుకు ఎంత ప్రాధాన్యమివ్వాలో 2020 అక్టోబరులో జరిగిన ఒక ఘటన వెల్లడించింది. జపానులోని నొబెయొకా పట్టణంలో ఎ.కె.ఎం. కర్మాగారం అగ్నిప్రమాదంలో దగ్ధమైంది. చిప్పులు దొరకక అనేక తయారీదారులు తమ డాక్‌లను ఇతర సంస్థల చిప్పులతో పునర్నిర్మించారు. స్వచ్ఛతలో అవి మునుపటివాటికి తీసిపోకుండా రూపొందాయి. చిప్పు ఒక భాగం మాత్రమే. దాని చుట్టూ ఉన్న విద్యుత్ సరఫరా, బోర్డు అమరిక, యాంప్లిఫయరు భాగం సక్రమంగా ఉన్నప్పుడే ఫలితం.

ఇంటిలో పోల్చే విధానం

రెండు డాక్‌లను ఒకదాని వెంట ఒకటి విని ‘ఇది మేలు’ అనడం సులభం. అయితే ఆ తీర్పులో పొరపాటుకు ఎక్కువ అవకాశముంది. రెండింటిలో ఏది కొంచెం బిగ్గరగా ఉంటే అదే మేలైనదిగా చెవికి తోస్తుంది. అర డెసిబెల్ తేడాను ధ్వని పెరిగినట్లుగా గాక, స్పష్టత పెరిగినట్లుగా మనసు గ్రహిస్తుంది. అందువల్ల ముందుగా రెండింటి ధ్వనిని సమానం చేయాలి.

ఇందుకు ఇంట్లోని మల్టీమీటరు చాలును. హెడ్‌ఫోనును చెవుల నుంచి తీసివేసి, తగిలించి ఉంచి, 50 హెర్ట్జ్ స్వరాన్ని మోగిస్తూ, ఎ.సి. వోల్టేజిని కొలవాలి. రెండు పరికరాల కొలతల మధ్య తేడా ఒక శాతం లోపు ఉంటే ధ్వని భేదం 0.1 డెసిబెల్ లోపు ఉన్నట్లు. పిమ్మట వినేవారికి కనిపించకుండా మరొకరు పరికరాలను మారుస్తూ, ఒకే పాటలోని అదే భాగాన్ని పదిసార్లు వినిపించాలి. ప్రతిసారీ ఏది మోగుతున్నదో నాణెం ఎగరవేసి నిర్ణయించాలి. వినేవారు తమ ఊహను కాగితంపై రాయాలి. పదింటిలో ఐదారు సరిపోతే అది నాణెం ఎగరవేసిన ఫలితమే. తొమ్మిది లేదా పది సరిపోతే, అది యాదృచ్ఛికంగా సంభవించే అవకాశం సుమారు నూటికి ఒకటి. అప్పుడు తేడా నిజమని భావించవచ్చు. పిల్లలకు సంభావ్యత పాఠం బోధించడానికి కూడా ఈ ప్రయోగం చక్కగా పనికివస్తుంది.

రొద వచ్చినప్పుడు

ల్యాప్‌టాపుకు హెడ్‌ఫోను పెట్టినప్పుడు గుయ్యిమనే శబ్దం వస్తే డాక్ కొనే ముందు ఛార్జరును తీసి చూడాలి. శబ్దం ఆగిపోతే దోషం ఛార్జరుదో, ఇంటి ఎర్తింగుదో అయి ఉంటుంది. పాత ఇళ్ళలో మూడు కాళ్ళ ప్లగ్గు ఉన్నా ఎర్తు తీగ కలపకపోవడం అరుదేమీ కాదు. ఎలక్ట్రీషియనుతో దానిని సరిచేయించడం శబ్దానికే గాక ప్రాణరక్షణకూ ముఖ్యం. ఛార్జరు తీసినా రొద కొనసాగి, మౌసు కదిపినప్పుడు మారుతుంటే అది ల్యాప్‌టాపు లోపలి డాక్ లోపం. ఇటువంటి సందర్భంలో వెయ్యి రూపాయల బాహ్య అడాప్టరు నిజంగా ఉపకరిస్తుంది. విడి డాక్ వల్ల స్పష్టమైన ప్రయోజనం కలిగే సందర్భాలలో ఇది మొదటిది.

డబ్బు వెచ్చించవలసిన క్రమం

పిండి కొద్దీ రొట్టె అన్నట్లు, వినిపించే నాణ్యతకు మూలం రికార్డింగు. ఘంటసాల (1922–1974) కాలపు పాటలు 78 ఆర్.పి.ఎం. రికార్డులపైనా, టేపులపైనా నిక్షిప్తమై, ఆ తరువాత అంకెల రూపం దాల్చాయి. వాటిలోని గీర ధ్వనిని ఏ డాక్ తొలగించలేదు. ఇరుకైన డేటాలో ప్రసారమయ్యే రేడియో కార్యక్రమాలూ అంతే. పాట ఫైలు కుదించబడి ఉంటే, అందులో పోయిన వివరాన్ని పరివర్తకం తిరిగి తేలేదు. కనుక తొలి శ్రద్ధ మంచి ప్రతిని సంపాదించడంపై ఉండాలి. అనేకసార్లు దీనికి ఖర్చే ఉండదు. వినే యాప్‌లో నాణ్యత మీటను ‘హై’ స్థానంలో ఉంచితే చాలును.

రెండవది హెడ్‌ఫోను. రెండు హెడ్‌ఫోన్ల మధ్య స్వరసమతౌల్యంలో అనేక డెసిబెళ్ళ భేదం ఉంటుంది. రెండు మంచి డాక్‌ల మధ్య అది డెసిబెల్‌లో పదవ వంతు కూడా ఉండదు. అందువల్ల ఐదు వేల రూపాయలు చేతిలో ఉన్నవారు నాలుగు వేలు హెడ్‌ఫోనుకూ, అవసరమైతే వెయ్యి రూపాయలు అడాప్టరుకూ కేటాయించడం సముచితం. ఇరవై వేల డాక్‌కు వెయ్యి రూపాయల హెడ్‌ఫోను తగిలించడం తలక్రిందులైన పద్ధతి.

విడి డాక్ కొనదగిన సందర్భాలు నాలుగు: ఫోనుకు రంధ్రం లేకపోవడం, ల్యాప్‌టాపులో రొద ఉండడం, పూర్తి ధ్వని పెట్టినా చాలనంత అధిక నిరోధపు హెడ్‌ఫోను ఉండడం, ఉన్న పరికరపు స్వీయ నిరోధం హద్దు మించి ఉండడం. ఈ నాలుగింటిలో ఏదీ లేనివారు ఆ డబ్బును పుస్తకాలకో, రైలు ఛార్జీలకో మిగుల్చుకొనవచ్చు.

చెవి సంరక్షణ

శక్తిమంతమైన డాక్ వల్ల కలిగే అసలు ప్రమాదం ధనవ్యయం కాదు. అది వినికిడి శక్తిని హరించగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన మేరకు పెద్దలు 80 డెసిబెళ్ళ ధ్వనిని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. పిల్లలకు ఆ హద్దు 75 డెసిబెళ్ళు. ధ్వని 3 డెసిబెళ్ళు పెరిగినప్పుడల్లా అనుమతింపదగిన కాలం సగమవుతుంది. 90 డెసిబెళ్ళ వద్ద వారానికి 4 గంటలు, 100 డెసిబెళ్ళ వద్ద వారానికి 20 నిమిషాలు మాత్రమే. ధ్వని తాకిడికి లోపలి చెవిలోని సూక్ష్మ రోమకణాలు నశిస్తే తిరిగి మొలవవు.

బయటి రొదను జయించడానికి ధ్వని పెంచడం యలహంక వంటి చోట నిత్యమూ జరిగే తప్పిదం. దానికి మందు శక్తిమంతమైన డాక్ కాదు. చెవిని చక్కగా మూసే ఇయర్‌ఫోను లేదా రొదను తగ్గించే హెడ్‌ఫోను వాడితే తక్కువ ధ్వనిలోనే పాట స్పష్టమవుతుంది. కొత్త డాంగిల్ తగిలించినప్పుడు ధ్వనిని ముందుగా అట్టడుగుకు దించి, తరువాతే హెడ్‌ఫోను చెవికి పెట్టుకోవాలి. చెవిలో ఎడతెగని గుయ్యిమనే శబ్దం ఉన్నా, ఎదుటివారి మాట మందంగా వినిపిస్తున్నా ఆలస్యం చేయక జిల్లా ఆసుపత్రిలోని చెవి, ముక్కు, గొంతు విభాగంలో చూపించుకోవాలి. మైసూరులో 1965లో స్థాపితమైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో వినికిడి పరీక్షలు, చికిత్స లభిస్తాయి.

పిల్లవాడు డాక్ కావాలని అడిగినప్పుడు పెద్దలు వేయవలసిన ప్రశ్నలు ఇవే: హెడ్‌ఫోను తీగదా, తీగలేనిదా? దానిపై ఎన్ని ఓంలని రాసి ఉంది? ఇప్పుడున్న ఫోనులో వినిపించే లోపమేమిటి? ఈ మూడింటికి సమాధానం లభించిన తరువాత, కొనవలసినది ఏ తరగతిదో, అసలు కొనవలసి ఉన్నదో లేదో ఇంటిలోనే తేలిపోతుంది.